కాగితం రాకముందే కుట్టిన బ్యాడ్జీ

కిందటి నెల మా అన్నయ్య పోయాడు. పెద్దకార్యం అయిన వారానికి వదిన ఫోన్ చేసి, "ఓపాలి రామ్మా, నీతో పనున్నాది" అంది. గాజువాకలో వాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో దివాన్ మీద అన్నయ్య పెరేడ్ కోటు పరిచి ఉంది. నేవీలో మామూలు నావికుడిగా చేరి మాస్టర్ చీఫ్ దాకా ఎదిగి రిటైరైన మనిషి, ఆ తెల్ల కోటును ఇన్నేళ్లూ బీరువాలో మడత నలగకుండా దాచుకున్నాడు. దాన్ని అద్దాల పెట్టెలో బిగించి గోడకు తగిలించాలని మా మేనల్లుడి కోరిక. ఆటోనగర్‌లో ఎవరో పెట్టె చేస్తున్నారట. ముందుగా డ్రైక్లీనింగుకి ఇస్తే వాళ్లు భుజాల పట్టీలు, పతకాలు, పేరు పలక అన్నీ ఊడదీసి ఒక ప్లాస్టిక్ కవర్లో పోసి పంపారు. ఏది ఎక్కడ పెట్టాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

"సెల్లో సూసి పెట్టేత్తానన్నాడు ఆడు. నానే వద్దన్నాను. మీ నాన్న బిడ్డవి నువ్వుండగా సెల్లు ఎందుకు?" అంది వదిన.

నేను బళ్లో పంతులమ్మగా పనిచేశాను. ఎవరేమన్నా మాటకు మాట అప్పజెప్పడంలో నాకు పేరుంది. ఆ పూట మాత్రం వదిన మాటకి బదులు ప్లాస్టిక్ కవరు నా ముందుకి లాక్కున్నాను. మా నాన్న బిడ్డని కాబట్టే ఆ కోటు ముట్టుకునే అర్హత నాకు లేదని ఆవిడకు తెలియదు. తెలియనివ్వలేదు నేను. కవర్లోవి ఒక్కొక్కటీ తీసి తువ్వాలు మీద వరసగా పెట్టుకున్నాను.

మా నాన్న దర్జీ. విజయనగరం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, నలుగురు అన్నదమ్ముల మధ్య భూమి చాలక, సూది పట్టుకుని మల్కాపురం వచ్చాడు. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. నేవీ గేటు దగ్గరే కాబట్టి వచ్చేవన్నీ యూనిఫారాలే. చొక్కాలు, లాగులు కుట్టే దర్జీలు ఆ వీధిలో ఇంకా ఉండేవారు గానీ బ్యాడ్జీలు కుట్టాలంటే మాత్రం అందరూ మా ఇంటికే వచ్చేవారు. బ్యాడ్జీ కుట్టడం చూడ్డానికి చిన్న పనే. హోదా గుర్తున్న నాలుగంగుళాల గుడ్డ ముక్కని చొక్కా చేతికి అతకడం. కానీ అది అర అంగుళం కిందికి జారినా, ఒక పక్కకి వాలినా, పెరేడ్‌లో ఆ మనిషి అందరి ముందూ మాట పడాలి. అందుకని నాన్న బల్ల మీద పరిచిన చొక్కాకి ఎప్పుడూ కుట్టేవాడు కాదు. మనిషి చొక్కా వేసుకుని నిలబడాలి. చేతులు వేలాడేసి, ఊపిరి మామూలుగా పీల్చాలి. అప్పుడు భుజం కుట్టు నుంచి మోచేతికి దారం పట్టి కొలిచి, సబ్బు బిళ్ల అంచుతో గుర్తు పెట్టేవాడు. "బల్ల మీద సెయ్యి తిన్నగుంతాది. మనిషికి తిన్నగుండదు" అనేవాడు. కొత్త బ్యాడ్జీని ముందురోజే నీళ్లలో తడిపి నీడన ఆరేసేవాడు. లేకపోతే మొదటి ఉతుకుకే అది ముడుచుకుపోయి చుట్టూ గుడ్డను లాగేస్తుంది. కుట్టు పైకి కనబడకూడదు, లోపల ముడి ఉండకూడదు. దారం కొసని మూడుసార్లు వెనక్కి తిప్పి గుడ్డలోనే దాచేసేవాడు.

ఇంట్లో మా బతుకంతా ఆ తెల్ల గుడ్డల చుట్టూనే తిరిగేది. గంజి వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన, దారానికి రాసే మైనం వాసన, పతకాలు తోమే పాలిష్ వాసన. సముద్రపు గాలికి తెల్ల బట్ట తొందరగా పసుపుపచ్చన తిరుగుతుందని వారానికోసారి నీలిమందు. దండెం మీద యూనిఫారాలు ఉన్నంతసేపూ అమ్మ తాలింపు వేయడానికి వీల్లేదు. చేపల పులుసైతే పెరట్లో పొయ్యి పెట్టుకోవాల్సిందే. అమ్మ చేతులకి ఎప్పుడూ పసుపో, కారమో, మసో అంటుకుని ఉండేది కాబట్టి ఆ బట్టల దరిదాపులకి ఆమెను రానిచ్చేవాడు కాదు నాన్న. "నీ మొగుడు కుట్టిందే గానీ నీ మొగుడిది కాదే అది" అని వేళాకోళం చేసేవాడు. అమ్మ కూడా ఊరుకునేది కాదు. "నాకేటి, ముట్టుకోనులే. మనం కుట్టిందేసుకుని సలాములు కొట్టించుకున్నోడెవడూ మనకి సలాం కొట్టడు" అనేది.

నాన్నకి ఒక పట్టుదల ఉండేది. ప్రమోషన్ ఆర్డరు కాగితం కళ్లారా చూడందే కొత్త బ్యాడ్జీ కుట్టడు. పరీక్ష పాసయ్యానని, రేపో మాపో ఆర్డరు వస్తుందని, ఊరెళ్తున్నాను అమ్మానాన్నలకి చూపించుకోవాలని కుర్రాళ్లు బతిమాలేవారు. పక్క దర్జీలు కుట్టి ఇచ్చేవారు కూడా. నాన్న మాత్రం చదువు రాకపోయినా కాగితం అడిగి తీసుకుని, నా చేత చదివించి, పేరు, నంబరు, హోదా మూడూ విన్నాకే సూది పట్టేవాడు. దాంతో ఒక మాట స్థిరపడిపోయింది. మల్కాపురంలో ఆ దర్జీ కుట్టాడంటే ఇక అడగక్కర్లేదు, ఆర్డరు వచ్చేసినట్టే. మా ఇంటి గౌరవం అంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది.

అన్నయ్య పేరు సింహాద్రి. సింహాచలం అప్పన్నకి మొక్కుకుంటే పుట్టాడని అమ్మ పెట్టుకున్న పేరు. నావికుడిగా చేరి, చేతి మీద ఒక లంగరు బ్యాడ్జీ తెచ్చుకున్నాడు. దాన్ని నాన్నే కుట్టాడు, కాగితం చూసే. తర్వాతి మెట్టుకి రెండు లంగర్లు అడ్డంగా దాటుకున్నట్టు ఉంటాయి, పైన సింహాలు. ఆ పరీక్ష కూడా పాసయ్యాడు. ఆర్డరు రావాలి. అప్పటికి అమ్మ మంచం పట్టింది. గుండె నీరసించిందన్నారు. కాళ్లు పొంగేవి, నాలుగు మాటలకే ఆయాసం. నాన్న ఆ రెండు లంగర్ల బ్యాడ్జీని ముందే తెచ్చి, తడిపి ఆరేసి, రేకు పెట్టెలో దాచాడు. అది అమ్మ చూసింది.

"ఒక్కపాలి కుట్టి సూపించు. నాను మల్లీ సూత్తానో సూడనో" అంది.

"కాయితం రానీ" అన్నాడు నాన్న.

మూడు రోజుల్లో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. మూడోసారి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాన్న వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. ఆయనకీ కుట్టాలనే ఉందని నాకు తెలుసు. కొడుక్కి ఒక న్యాయం, ఊరికి ఒక న్యాయం చేయలేకపోయాడు.

నాకప్పుడు పదిహేనేళ్లు. తెలివైనదాన్ననుకునే వయసు. ఆదివారం మధ్యాహ్నం నాన్న కుట్టిన బట్టలు ఇవ్వడానికి గేటుకి వెళ్లాడు. అన్నయ్య పెరేడ్ చొక్కా ఇస్త్రీ అయి దండెం మీద ఉంది. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాడు. నేను రేకు పెట్టె తీశాను. పాత బ్యాడ్జీ విప్పి, కొత్తది బల్ల మీదే పెట్టి కుట్టాను. అమ్మకి చూపించి, నాన్న వచ్చేలోగా విప్పేసి పాతది మళ్లీ కుట్టేద్దామని నా ఎత్తు. చొక్కా తీసుకెళ్లి అమ్మ ఒళ్లో పెట్టాను. నెలల తరబడి మంచంలో ఉన్న అమ్మ చేతులకి పసుపూ లేదు, కారమూ లేదు. ఆ చేత్తో లంగర్ల మీద నిమిరింది. నేను చూస్తుండగా అమ్మ ఒక యూనిఫారం ముట్టుకోవడం అదే మొదలు. "నా బాబు ఎంతోడైపోనాడే" అంది. చొక్కా చెయ్యి పట్టుకునే కునుకులోకి జారింది. నిద్రపట్టి ఎన్నాళ్లో అయిన మనిషి. లాగితే లేస్తుందని అలాగే వదిలేశాను.

అన్నయ్య సాయంత్రం రావాల్సినవాడు రెండు గంటల ముందే వచ్చాడు. వస్తూనే అమ్మ దగ్గరికి వెళ్లి చొక్కా చూశాడు. నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నాన్న కుట్టినాడేటే?"

నేను ఏమీ అనలేదు. అమ్మ కళ్లు తెరిచి, కొడుకుని చూసి, నవ్వుతూ తలూపింది. ఎవరు కుట్టారన్నది అమ్మకి పట్టలేదు, కొడుకు చొక్కా మీద అది ఉంది, అంతే.

"అయితే కాయితం వచ్చేసినట్టే. గేటు కాడ నాన్నకి ముందే తెలిసుంతాది. రేపు పెరేడ్లో సదువుతారన్నమాట" అన్నాడు. అమ్మ కాళ్లకి దండం పెట్టాడు. నన్ను గుండ్రంగా తిప్పాడు. చొక్కా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నేను బస్సు దాకా కూడా వెళ్లాను. దారిలో నాకు గోలీ సోడా కొనిపెట్టాడు. అది తాగుతున్నంతసేపూ చెప్పాలనే ఉంది. రెండు మాటలు, అంతకంటే అక్కర్లేదు. అన్నయ్య ఈల వేస్తున్నాడు. చెబితే ఆ ఈల ఆగిపోతుంది. బస్సు వచ్చింది. ఎక్కేశాడు. రాత్రిలోగా ఆర్డరు వచ్చేస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. నాన్నకీ చెప్పలేదు. అడిగితే అన్నయ్య చొక్కా పట్టుకెళ్లాడన్నాను, అది నిజమే కదా.

ఆర్డరు రాలేదు. మర్నాడు పొద్దున పెరేడ్‌లో తనకి లేని హోదా తగిలించుకుని నిలబడిన మా అన్నయ్యని వరసలోంచి బయటికి పిలిచారు. బ్యాడ్జీని అక్కడే అందరి ముందూ కోసేశారు. తెలియక జరిగిందని ఎంత చెప్పినా ఎవరు వింటారు, కుట్టింది సొంత తండ్రి అయ్యాక. ఆ విడత ప్రమోషన్ పోయింది. తోటివాళ్లకి ముందు రాత్రే మిఠాయిలు పంచాడట. ఆ మిఠాయి పేరు పెట్టి వాళ్లు చాలా కాలం ఏడిపించారు.

రెండు రోజులకి వచ్చాడు. చొక్కాని నాన్న మిషను మీద పడేశాడు. చేతి మీద దారపు పోగులు వేలాడుతున్నాయి.

"ఊరందరికీ కాయితం అడుగుతావు కదా. నాకెందుకు కుట్టినావు నాన్నా?" అన్నాడు.

నాన్న చొక్కా తీసుకున్నాడు. చెయ్యి లోపలికి తిరగేసి చూశాడు. ముళ్లు. ఒకటి కాదు, ఊడిపోకూడదని నేను వేసిన మూడు ముళ్లు. నాన్న తల ఎత్తి గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. ఆయన చొక్కాని మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆశపడ్డాను రా. తప్పయిపోనాది" అన్నాడు.

అన్నయ్య అమ్మ దగ్గర కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాన్నతో మాట్లాడలేదు. ఒక్క మాట కూడా. ఆ రోజే నాన్న బోర్డు మీద 'బ్యాడ్జీలు కుట్టబడును' అన్న వరస మీద సున్నం పూసేశాడు. ఎవరూ పూయమనలేదు. వచ్చినవాళ్లకి కళ్లు ఆనడం లేదని చెప్పి పంపేసేవాడు. చొక్కాలు, లాగులు, దిండు గలీబులు కుట్టి బతికాం.

నేను వెళ్లి ఆయన కాళ్ల దగ్గర పడి ఏడ్చాను. అన్నయ్యకి చెప్పేస్తానన్నాను. అప్పుడు తిట్టినా, కొట్టినా నా బతుకు వేరేగా ఉండేదేమో. నాన్న కోప్పడలేదు.

"నోరు మూసుకోయే. నామీద కోపం వచ్చేసినాది, అయిపోనాది. నీమీద కూడా తెచ్చుకుంతే ఎలాగ? మీ అమ్మ ఎన్నాల్లో ఉండదు. నాను మాత్రం ఎన్నాల్లుంతాను? రేపు నీకు పుట్టిల్లంటే ఆడొక్కడే" అన్నాడు.

అమ్మ ఆ వానాకాలం దాటలేదు. పాడె ముందు కొడుకూ తండ్రీ పక్కపక్కనే నడిచారు, మాట్లాడుకోకుండా. నాన్న చెప్పినట్టే నాకు పుట్టిల్లు దక్కింది. అన్నయ్యే నా పెళ్లి చేశాడు. ఓడ రేవుకి వచ్చిన ప్రతిసారీ పెందుర్తిలో మా ఇంటికి వచ్చేవాడు. ఏటా చీర తెచ్చేవాడు. నా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడు. అన్నయ్య వచ్చి వెళ్లాక నేను మల్కాపురం వెళ్తే నాన్న నన్ను కూర్చోబెట్టుకుని అడిగేవాడు.

"ఇప్పుడు సేతిమీద ఏటున్నాదే?"

"రెండు లంగర్లు వచ్చేసినాయి నాన్నా."

"తిన్నగున్నాయా? ఎవడు కుట్టినాడో?"

తిన్నగానే ఉన్నాయని చెప్పేదాన్ని. నిజానికి కొంచెం వంకర ఉండేవి. నాన్న పోయినప్పుడు అన్నయ్య వచ్చి తలకొరివి పెట్టాడు. కర్మ అయ్యేదాకా ఆ ఇంట్లోనే పడుకున్నాడు. పదకొండు రోజులు ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని తిన్నాం. కాపాడ్డానికి నాన్న లేడు, దాచమన్న మనిషే లేడు. అయినా చెప్పలేదు. నాన్న కోసమని చాలా ఏళ్లు సర్ది చెప్పుకున్నాను. అబద్ధం. పుట్టిల్లు పోతుందని భయం, అంతే. తండ్రి కొడుకుని ఇచ్చేసి నాకు కొనిపెట్టిన అన్నని నేను వదులుకోలేకపోయాను.

గాజువాకలో ఆ మధ్యాహ్నం కోటు ముందేసుకుని కూర్చుంటే ఇవన్నీ వరసగా వచ్చి మీద పడ్డాయి. వేసుకునే మనిషి లేడు. బల్ల మీదే గుర్తు పెట్టాలి. నాన్న ఒప్పుకోడు. ఎడమ జేబు అంచుకి పైన పతకాల పట్టీ, పెద్ద పతకం బొత్తాల వైపు, చిన్నవి చేతి వైపు. కుడివైపు పేరు పలక. ముందు భుజాల పట్టీలు ఎక్కించి, అవి జారకుండా కుట్లు వేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు యూనిఫారం మీదవి చాలావరకు రెడీమేడ్, వెనక అతుకుడు పట్టీతో వచ్చేస్తున్నాయని మేనల్లుడు చెప్పాడు. తప్పు పెడితే పీకి ఇంకోచోట అంటించుకోవచ్చట. మా రోజుల్లో కుట్టు విప్పితే గుడ్డ మీద చిల్లులు మిగిలేవి. ఎంత ఉతికినా, ఎంత గంజి పెట్టినా కొత్త బ్యాడ్జీ కింద పాతదాని అంచు తెలిసేది. పనులు సుళువయ్యాయి, మంచిదే. ఆ రోజు నా దగ్గర అలాంటి పట్టీ ఉండుంటే క్షణంలో పీకేసేదాన్ని, మా నాన్నకి కొడుకు మిగిలేవాడని కూడా అనిపించింది. వెంటనే సిగ్గేసింది. తప్పు దారంలో ఉందా, నా నోట్లో ఉందా?

వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. కోటు అంచు పట్టుకుని చూస్తోంది.

"నాకు పెళ్లయిన కాణ్నించి ఒక్క బొత్తం కుట్టనివ్వలేదమ్మా మీ అన్న. అన్నీ ఆయనే కుట్టుకునేవోడు, వంకరగా. ఎవుల సేతికీ ఇవ్వనని ఒట్టేసుకున్నాడంత" అంది. కోటు అంచు వదిలేసి మళ్లీ అంది. "ఆస్పత్రిలో ఆకరి రోజుల్లో కూడా ఆ బ్యాడ్జీ మాటే. మా నాన్న ఆశపడే మనిషి కాడే, మరెందుకు కుట్టినాడంతావు, అని నన్నడుగుతాడు. నానేటి సెప్పగలను?"

"నాన్నని అడగలేకపోనాడా?" అన్నాను.

"ఓపాలి ఎల్లినాడు. మల్కాపురంలో మీ సందు మొగలో నిలబడి వచ్చేసినాడు. ఏటయ్యా అని నానడిగితే, నాన్ననడిగితే మల్లీ ఆశపడ్డాననే అంతాడు, అది అబద్దమని నాకు తెలుసు, కన్నకొడుక్కి నిజం సెప్పడానికి ఆయనకేటడ్డం, అన్నాడు. బ్యాడ్జీ పోయినందుకు కాదమ్మా ఆయన కోపం. అబద్దమాడినాడనే."

నా చేతిలో సూది ఆగిపోయింది. అన్నయ్యకి కావలసింది ఒక్క మాట. అది నా దగ్గరే ఉంది, ఆయన తెచ్చిన చీరలు కట్టుకుని, ఆయనకి అన్నం వడ్డిస్తున్నంత కాలమూ నా దగ్గరే ఉంది.

"అది నాన్న కుట్టలేదు వదినా. నాను కుట్టినాను" అన్నాను. అమ్మ అడగడం, చొక్కా ఆమె ఒళ్లో పెట్టడం, గోలీ సోడా, నాన్న చూసిన ముళ్లు, అన్నీ చెప్పాను. ఎక్కడా ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

వంటింట్లో కుక్కరు కూత వేసింది. వదిన లేచి వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది. నిలబడే అడిగింది.

"ఆయనకి సెప్పినావా?"

"లేదు."

"ఆస్పత్రికి రోజూ వచ్చేదానివి కదా. ఇరవై రోజులు."

వదిన వంగి నా ఒళ్లోంచి కోటు తీసుకుంది. సూది ఇంకా దానికే ఉంది. దారం నా వేలి మీంచి జారింది.

"ఇలాగియ్యి. మిగిల్నవి నాను కుట్టుకుంతాను" అంది.

"ఏది ఎక్కడో నీకు తెలీదు కదా వదినా."

"తప్పయితే తప్పవుతాది. అద్దంలో పెట్టేదే కదా, ఎవులు వరసలోంచి పిలుత్తారు?"

నాకు వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చుంది. కోటుని తన వైపు తిప్పుకుని, పతకాల పట్టీని కుడి జేబు మీద ఆనించి, కళ్లు చికిలించుకుంటూ మొదటి కుట్టు వేసింది.

"ఎడమ వైపు వదినా" అన్నాను.

ఆవిడ తల తిప్పలేదు. రెండో కుట్టు వేసింది.